సౌనా గోడకు ఆనించిన పెట్టె

థండర్ బే,
అక్టోబరు 8, 2024, మంగళవారం

అక్కా,

ఫోను చేస్తే నువ్వు ఎత్తవు. ఎత్తినా "బస్సులో ఉన్నాను" అని పెట్టేస్తావు. అందుకే ఉత్తరం. కవరు మీద నా రాత చూసి పక్కన పడెయ్యకు, ఈ ఒక్కటీ చదువు. పొద్దున పదకొండింటికి సౌనాలోంచి బయటికి వచ్చి మెట్టు మీద కూలబడిపోయాను. పక్కింటావిడ ఆకులు ఊడుస్తూ "రైలీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగితే ఊరికే చెయ్యి ఊపాను. లేచి వచ్చి ఇలా వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను.

నా పుట్టినరోజుకి నువ్వు పంపిన కార్డులో రెండే వాక్యాలున్నాయి. యాభై నిండినందుకు శుభాకాంక్షలు. ఇరవై ఆరున చర్చిలో పాత సామాన్ల అమ్మకానికి గిటారు ఇచ్చేస్తున్నాను, దానితో నాకిక పనిలేదు. అంతే. చదివినప్పటినుంచీ మనసు మనసులో లేదు. పంతొమ్మిదేళ్లుగా నువ్వా గిటారు ముట్టలేదనే అనుకుంటున్నాను, అయినా అది నిపిగాన్‌లో నీ ఇంట్లో ఉందన్నదే నాకో ధైర్యం. అది కూడా పోతుందంటే ఒక్కసారైనా దాని గొంతు వినాలనిపించింది. అందుకే పాత డిస్కు వెతికి తీశాను.

2005లో మన బృందమంతా కలిసి పాటలు రికార్డు చేసినప్పుడు నీ గిటారు వైరును నేను రెండుగా చీల్చాను, గుర్తుందా? ఒకటి నాన్న యాంప్లిఫయర్ పెట్టెలోకి, దాని ముందు మైకు. రెండోది ఏ యాంపూ లేకుండా నేరుగా కంప్యూటర్లోకి. ఎందుకే అని నువ్వడిగితే, ఏదో పత్రికలో చదివాను, ముందు జాగ్రత్త అన్నాను. "ముందు జాగ్రత్తంటే గొడుగు తెచ్చుకుంటారే, వైర్లు చీలుస్తారా" అని నవ్వావు. ఆ రెండో దాన్ని పచ్చి ట్రాకు అంటాం. ఊరికే వింటే బక్కగా, దోమ రొదలా ఉంటుంది. ఎవరూ వినరు. కానీ దాన్ని ఎన్నేళ్ల తరవాతైనా ఒక చిన్న పెట్టె గుండా మళ్లీ యాంప్‌లోకి పంపి, ముందు మైకు పెట్టి కొత్తగా రికార్డు చేసుకోవచ్చు. వాయించిన మనిషి ఎక్కడున్నా సరే, ఇప్పుడే వాయిస్తున్నట్టు యాంప్ మోగుతుంది. రీయాంపింగ్ అంటారు. ఈమధ్య నాకు అదే పని. ఊరూరి నుంచీ జనం పచ్చి ట్రాకులు పంపుతారు, నేను మోగించి తిరిగి పంపుతాను. యాంప్‌ని ఎక్కడ పెడతానంటే, తిట్టకు, సౌనా లోపల. నాన్న పోయాక ఈ ఆరేళ్లలో ఆవిరి స్నానానికి పొయ్యి వెలిగించలేదు. నాలుగు వైపులా దేవదారు చెక్క, ఎంత గట్టిగా మోగించినా వీధిలోకి వినపడదు.

ఇవాళ పొద్దున నీ ఏడో పాట పచ్చి ట్రాకు తీసి నా చిన్న యాంప్‌లోకి పంపాను. చివర్లో నువ్వు పైతీగను లాగి పట్టి ఉంచుతావే, మనమంతా పళ్లు కొరుక్కున్న ఆ చోటు కోసం ముందే మొహం చిట్లించుకుని కూర్చున్నాను. ఆ స్వరం వచ్చింది. అక్కా, శుద్ధంగా ఉంది. వెంట్రుకవాసి తేడా లేదు. నేనేదో తప్పు ట్రాకు పెట్టాననుకున్నాను. మళ్లీ పెట్టాను. శ్రుతి చూసే మీటరు తగిలించాను. ముల్లు మధ్యలో నిలబడి కదల్లేదు. అప్పుడు అటకమీంచి నాన్న యాంప్ దించాను. మన ఫిన్నిష్ వాళ్ల హాల్లో డాన్సులకి నాన్న అకార్డియన్ తగిలించి వాయించిన ఆ పాత వాల్వు పెట్టే. నువ్వెళ్లాక దాన్ని ఎవరూ వాడలేదు. అదే ట్రాకు, అవే నీ వేళ్లు, దానిలోకి పంపాను. పైస్వరం వచ్చేసరికి దాని వెనక ఇంకో స్వరం లేచింది. కిందుగా, పుల్లగా, అసలు దానితో పొసగకుండా. పంతొమ్మిదేళ్ల కిందట విన్న అపస్వరమే. ఆ పెట్టెలోంచి పుడుతోంది. నీ చేతుల్లోంచి కాదు.

ఆ రోజు ఈ బల్ల దగ్గరే జరిగింది. నాన్న నీ పక్కన, నేను ఎదురుగా. నేనన్నాను, "అక్కా, నీ చెవి పోయిందే. పైకి వెళ్లేకొద్దీ శ్రుతి తప్పుతున్నావు. మిగతావాళ్లూ అదే అంటున్నారు." నువ్వు, "నా చెవి బాగానే ఉంది. ఆ పెట్టెలో ఏదో ఉందే, ఒక్కసారి చూడు" అన్నావు. "నాన్న బాగుచేసిన పెట్టెనంటావా?" అన్నాను. నువ్వు నాన్న వైపు చూశావు. నాన్న కాఫీ కప్పులోకి చూశాడు. లేచి గిటారు సంచిలో పెట్టుకున్నావు. తరవాతి వారం టొరంటో నుంచి వచ్చినాయన తన యాంప్‌తో నీ భాగమంతా వాయించి వెళ్లాడు. ఆయన వాయిస్తే అపస్వరం లేదు. చూశారా, నేనన్నదే నిజమైంది అని అందరి ముందూ అన్నాను. ఆయన యాంప్ వేరన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

గిటారు ఇచ్చెయ్యకు అక్కా. ఇంకేమీ అడగను. రేపు రేడియోలు బాగుచేసే ఒరెస్టే దగ్గరికి పెట్టె పట్టుకెళ్తున్నాను.

బుర్రలేని నీ చెల్లెలు,
రైలీ


థండర్ బే,
అక్టోబరు 15, మంగళవారం

అక్కా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. నిన్న థాంక్స్‌గివింగ్ పండగ పూట నీ కోసం ఒక పళ్లెం పెట్టాను. పిచ్చిదాన్ననుకో. పండక్కి చేసిన గుమ్మడి తీపిరొట్టె సగం నేనే తిన్నాను, మిగతా సగం ఒరెస్టేకి ఇచ్చాను. ఒరెస్టే తెలుసుగా, మిల్లులో నాన్న పక్క బల్ల మీద పనిచేసిన ఇటలీ ఆయన, ఇప్పుడు వెస్ట్‌ఫోర్ట్‌లో గ్యారేజీలో పాత రేడియోలు బాగుచేస్తున్నాడు. ఎనభై నిండినా నోరు మాత్రం అలాగే ఉంది. బుధవారం పెట్టె ఆయన దగ్గర దించి వచ్చాను, నిన్న సాయంత్రం నా ముందే విప్పాడు. ఆయన చెప్పింది విన్న దగ్గర్నుంచీ నాకు నిద్ర లేదు, మొదటి ఉత్తరం రాసినప్పుడే దిమ్మ తిరిగిందనుకున్నాను, అది ఏపాటి!

పెట్టె మూతకి నాలుగు మరలు. విప్పగానే మూత లోపలివైపు నాన్న పెన్సిలు రాత కనిపించింది. "ఏప్రిల్ 9, 2005. కెపాసిటర్లు మార్చాను. విన్నాను, బాగుంది. వి." బాగుచేసిన ప్రతి వస్తువు కడుపులోనూ అలాగే రాసేవాడుగా, టోస్టరులో కూడా. అది చూడగానే నాకు ఒళ్లు మండింది. నాన్నా, బాగుందని రాశావు, బాగాలేదు, నీ బిడ్డ పేరు పోయింది, నువ్వు కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నావు! అదే మాట ఒరెస్టే ముందు అనేశాను. ఆయన కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, "నోర్ముయ్ అమ్మాయ్, ముందు చూడనీ" అన్నాడు.

కరెంటును నిలకడగా ఉంచే కెపాసిటర్లు నాలుగుంటాయట. వాటి కొసలు ఉబ్బి, పైతొడుగు పగిలి ఉన్నాయి. లోపలి తడి పూర్తిగా ఎండిపోయింది. అవి ఎండితే కరెంటు రొద స్వరంలో కలిసిపోతుంది, పైస్వరం గట్టిగా వాయించినప్పుడు వెనక ఇంకో తప్పుడు స్వరం పుడుతుంది. కింది స్వరాల్లో తెలియదు.

"నాన్న పాతవి వేశాడా?" అన్నాను.

"పాతవా? మీ నాన్నా? చూడు, కొత్తవే, తయారైన ఏడాది దానిమీదే ఉంది. టంకం చూడు, ముత్యాల్లా పెట్టాడు. ఇరవై ఏళ్లు రావాలి ఇవి. వీటిని ఎవరో కాల్చారు."

"కాల్చడమేంటి?"

"వేడి తగిలింది అమ్మాయ్. ఒకరోజు రెండురోజులు కాదు. మళ్లీ మళ్లీ. ఈ చెక్క చూడు, వెనకవైపు ఎలా చీలిందో. దీన్ని ఎక్కడ పెట్టారు మీరు?"

అక్కా, ఆ వేసవి గుర్తొచ్చింది. సౌనా బయటి గదిలో, పొయ్యి ఉన్న గోడకి ఆనించి పెట్టింది నేను. ఆ మూలలో చప్పుడు గుండ్రంగా వస్తుందని మురిసిపోయాను. "ఎందుకే అక్కడ, బరువు, మధ్యలో అడ్డం" అని నువ్వంటే, "మీకు చప్పుడు సంగతి తెలీదు, నాకొదిలెయ్యండి" అన్నాను. ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా శనివారం శనివారం నాన్న పొయ్యి వెలిగించాడు. ఆ గోడ అవతల రాళ్లు ఎర్రగా కాలేవి. ఇవతల పెట్టె ఉడికేది. గురువారం మనం దాన్ని మోగించేవాళ్లం.

చెప్పాను. ఒరెస్టే నవ్వలేదు. "యాంప్‌ని సౌనా గోడకి ఆనించే మనుషులు ప్రపంచంలో మీ ఫిన్నిష్ వాళ్లే అయ్యుంటారు" అని మాత్రం అన్నాడు. తరవాత గుమ్మడి తీపిరొట్టె తీసుకుని, నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు.

కాబట్టి చెడగొట్టింది నేను. తీర్పు చెప్పింది నేను. నిన్ను పంపేసింది నేను. ఇంకోటి కూడా చెప్పాలి, ఇది చెప్పకపోతే ఈ ఉత్తరానికి అర్థం లేదు. ఆ రోజు నీ స్వరం పుల్లగా వినపడ్డప్పుడు నాకు లోలోపల సంతోషం వేసింది. చిన్నప్పటినుంచీ ఇంట్లో చెవి ఉన్నది నీకే. వాన పడుతుంటే రేకు మీద ఏ స్వరమో చెప్పేదానివి. నాకు గిటారు శ్రుతి చెయ్యడం నేర్పింది నువ్వు. హాల్లో అందరూ సినిక్క చెల్లెలు అనేవాళ్లు తప్ప నాకు వేరే పేరు లేదు. నువ్వు తప్పు వాయిస్తున్నావని మొదట పట్టుకున్నది నేనని తెలిసినప్పుడు, అయ్యో అక్కా అనుకోలేదు, అమ్మయ్య అనుకున్నాను. పచ్చి ట్రాకు అప్పుడే కంప్యూటర్లో ఉంది. ఒక్క మీట నొక్కితే ఐదు నిమిషాల్లో నిజం తెలిసేది. దాన్ని నొక్కకపోవడానికి తీరిక లేకపోవడం కారణం కాదు. ఇప్పుడు చెప్తున్నాను, నాకు తెలుసుకోవాలని లేదు.

క్షమించమని అడగడానికి మొహం లేదు. ట్రాకు మాత్రం పంపనా? నువ్వు వినాలి. నువ్వు ఎలా వాయించావో నువ్వు వినాలి అక్కా.

రైలీ


నిపిగాన్,
అక్టోబరు 21, సోమవారం

రైలీ,

నీ మొదటి ఉత్తరం చదివి నేను ఆశ్చర్యపోలేదు. అది ముందు చెప్తాను. పెట్టెలో తప్పుందని నాకు మొదటి రోజే తెలుసు. నా వేళ్ల కింద తీగ ఏం పలుకుతోందో నాకు ఎముకల్లో తెలుస్తుంది, ఆ పెట్టెలోంచి వస్తున్నది అది కాదు. నీకు చెప్పాను కూడా. నువ్వు వినలేదు. పంతొమ్మిదేళ్లుగా నన్ను కొరుకుతున్నది ఆ అపస్వరం కాదే, నువ్వు వినకపోవడం. పెట్టెను నమ్మావు, నన్ను నమ్మలేదు. సంతోషం వేసిందని రాశావే, ఆ సంతోషం అప్పుడే నీ మొహంలో చూశాను. నువ్వు ఒప్పుకుంటావని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

నీ రెండో ఉత్తరం శుక్రవారం పొద్దున బస్సు తియ్యబోతుంటే వచ్చింది. కవరు చింపి, నిలబడే చదివాను. టంకం ముత్యాల్లా పెట్టాడు అన్న చోట ఆగిపోయాను. తాళాలు చేతిలో పట్టుకుని అలాగే రోడ్డు పక్కన నిలబడ్డాను. స్కూలు బస్సు పన్నెండు నిమిషాలు ఆలస్యం అయింది, ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి. ఎందుకో చెప్పాలంటే నేను ఒక నియమం తప్పాలి. సౌనాలో మాట్లాడింది సౌనాలోనే వదిలి రావాలని నాన్న పెట్టిన నియమం నీకు తెలుసు. ఇన్నాళ్లూ దాన్ని దాటలేదు. ఇవాళ దాటుతున్నాను.

నువ్వు నన్ను అన్న మాటలు గురువారం. శనివారం నాన్న సౌనాలో ఉన్నాడు. నేను బయటి గదిలో కట్టెలు పేరుస్తున్నాను. తలుపు కొంచెం తెరిచి ఉంది. లోపల్నుంచి నాన్న పిలిచాడు.

"సినిక్కా, ఉన్నావా?"

"ఉన్నా నాన్నా."

"గట్టిగా చెప్పమ్మా. నాకు పక్షులు వినపడటం మానేసి మూడేళ్లయింది. కెటిలు ఈల కూడా వినపడదు, ఆవిరి చూసి దించుతున్నా. ఎవరికీ చెప్పలేదు. మొన్న బల్ల దగ్గర మీరిద్దరూ ఏమనుకున్నారో సగం అర్థం కాలా. పెట్టె గురించేనా?"

"అవును."

"నేను మార్చినప్పుడు బాగానే వినపడింది. కానీ నా వినికిడి ఎంత! అందులో తప్పుందా అమ్మా? ఉంటే చెప్పు. నేనే వెళ్లి రైలీతో చెప్తా, మీ అక్కని ఏమీ అనకు, తప్పు నాదే అని."

అప్పటికి మిల్లు మూతపడి నాలుగు నెలలు. ఊళ్లోవాళ్లు తెచ్చిన రేడియోలు, యాంపులు బాగుచెయ్యడం ఒక్కటే ఆయనకి మిగిలింది. చెవిటివాడి చేతికి యాంపు ఎవరిస్తారు? తప్పుందని నేనంటే ఆయన మళ్లీ టంకం కర్ర పట్టడని తెలుసు. "పెట్టె బాగుంది నాన్నా. నా చెవే పోయినట్టుంది" అన్నాను. తరవాత రాళ్ల మీద నీళ్లు పోసిన చప్పుడు. "అయితే డాక్టరుకి చూపించుకో తల్లీ, నాలాగా నాన్చకు" అన్నాడు. సోమవారం నేను నిపిగాన్ వచ్చేశాను. ఇంట్లో ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నీ మీద కోపంతో నిజం కక్కేస్తానని భయం వేసింది.

అదీ సంగతి. నాన్న కోసం గొప్ప త్యాగం చేశానని ఇన్నాళ్లూ లోలోపల మురిసిపోయాను. పాపం, చెవి పోయిన ముసలాయన, చెయ్యి తప్పింది, నేను కాపాడాను అనుకున్నాను. ఇప్పుడు ఒరెస్టే అంటాడు, నాన్న చెయ్యి తప్పలేదని! కొత్తవి వేశాడని, ముత్యాల్లా వేశాడని! ఆయన నన్ను నేరుగా అడిగాడు రైలీ. అందులో తప్పుందా అని అడిగాడు. నాలుగు మరలు విప్పి చూసి చెప్తానని నేను అనలేదు. తప్పు ఆయనదేనని నాకు నేనే తీర్మానించుకుని, జాలిపడి, అబద్ధం చెప్పాను. నీకూ నాకూ తేడా ఏముందే? నువ్వు నా చెవిని అనుమానించావు, నేను ఆయన చెయ్యిని అనుమానించాను. ఇద్దరం మూత తియ్యలేదు. నువ్వు కనీసం కోపంగా అనుమానించావు. నేను ప్రేమగా అనుమానించాను, ఆయనకి కనీసం కాదనే వీలు కూడా ఇవ్వలేదు. నాన్న పోయేదాకా పదమూడేళ్లు ఆయన చేత ఏ వస్తువు బాగుచేయించినా మళ్లీ రహస్యంగా ఇంకోచోట చూపించేదాన్ని. ఎప్పుడూ ఏ తప్పూ దొరకలేదు. అయినా నాకు తట్టలేదు. శుక్రవారం రోడ్డు పక్కన అది తట్టింది.

ఇంకోటి. గిటారు నేను ముట్టలేదనుకున్నావు. రోజూ పొద్దున వాయించాను, ఏ యాంపూ లేకుండా, వంటింట్లో, చెవి దాని చెక్కకి ఆనించి. నువ్వు దోమ రొద అన్నావే, ఆ రొదలోనే బతికాను. కానీ పోయిన శీతాకాలం ఒకరోజు పైస్వరం లాగి, ఇది సరిగ్గా ఉందా అని అనుమానం వచ్చింది. నాకు, నాకు అనుమానం! పెట్టె బాగుంది, నా చెవే పోయింది అని నాన్నకి చెప్పిన మాటను ఎన్నోసార్లు మనసులో అనుకున్నానేమో, చివరికి నేనే నమ్మేశాను. అడగడానికి నాన్న లేడు. నిన్ను అడగను. అందుకే ఇచ్చెయ్యాలనుకున్నాను. నీ మీటరు ముల్లు మధ్యలో నిలబడిందని చదివినప్పుడు, ఆ ఒక్క వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను.

గిటారు అప్పటికే చర్చి హాలుకి చేరిపోయింది. శుక్రవారం సాయంత్రం వెళ్లి అడిగితే, అమ్మకం చూసుకునే హెల్మీ నడుం మీద చెయ్యి పెట్టుకుని, "చర్చికిచ్చిందంటే దేవుడికిచ్చినట్టే సినిక్కా, వెనక్కి అడగడానికి సిగ్గులేదూ?" అంది. "దేవుడికి గిటారు రాదు హెల్మీ, కుట్టడం వచ్చేమో" అని నా కుట్టుమిషను అక్కడ పెట్టి, గిటారు ఎత్తుకుని వచ్చేశాను. ఇప్పుడు నా కోటుకి రెండు బొత్తాలు లేవు. నువ్వే కుట్టాలి.

ట్రాకు పంపకు. శనివారం నేనే వస్తున్నాను. మధ్యాహ్నానికల్లా చేరతాను, గులాబీ రంగు క్రీము పూసిన పెర్షియన్ బన్నులు నాలుగు తెచ్చిపెట్టు. ముందు వంటింట్లో నిన్ను కడుపారా తిడతాను, అడ్డం రాకు. తరవాత నీ యాంపులూ మైకులూ అన్నీ సౌనాలోంచి బయటికి మొయ్యి, బయటి గదిలో కూడా ఉంచకు, తెలిసిందా? బల్లలు కడిగి పొయ్యి వెలిగించు. నేను లోపల కూర్చుంటాను. నాన్నకి ఒక మాట చెప్పాలి. నువ్వు బయటి గదిలో కట్టెలు పేరుస్తూ ఉండు, తలుపు కొంచెం తెరిచి ఉంచు. వినపడుతుంది. విన్నది మాత్రం అక్కడే వదిలేసి రా.

మీ అక్క,
సినిక్క